పొందూరులో రెండు డెల్ ఆప్టిప్లెక్స్ 3020 సిస్టంలు: ఏ భాగం మార్చవచ్చు, దేని జోలికి పోకూడదు?

పొందూరు డీటీపీ రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. పొందూరులో నాకు చిన్న డీటీపీ దుకాణం ఉంది. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, ఆన్‌లైన్ దరఖాస్తులు, పాస్‌పోర్టు ఫొటోలు మా పని. నాలుగేళ్ళ క్రితం విశాఖపట్నం ద్వారకానగర్‌లో కొన్న రెండు రీఫర్బిష్డ్ డెల్ ఆప్టిప్లెక్స్ 3020 సిస్టంల మీదే దుకాణమంతా నడుస్తోంది. రెండింటిలోనూ ఐ3-4150 ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్ ఉన్నాయి. పేజ్‌మేకర్‌కు ఇబ్బంది లేదు గాని, బ్రౌజరులో ఒక దరఖాస్తు, పక్కన ఫొటోషాప్, వెనకాల ప్రింటరు పని ఒకేసారి నడిస్తే సిస్టం నిమిషాల తరబడి కదలదు. సాయంత్రం వేళ మా అబ్బాయి ఒక సిస్టం మీద పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేస్తుంటాడు. వాడి కష్టం ఇంకా ఎక్కువ.

శ్రీకాకుళంలో ఒక దుకాణంలో అడిగితే 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (సిస్టంకు కరెంటు అందించే పెట్టె), ఒక గ్రాఫిక్స్ కార్డు వేయిస్తే సరిపోతుందన్నారు. ఎస్‌ఎంపీఎస్ తెచ్చి ఇంట్లో క్యాబినెట్ విప్పి చూస్తే, కొత్తదాని ప్రధాన కనెక్టరుకు 24 పిన్నులున్నాయి, మదర్‌బోర్డు మీద మాత్రం 8 పిన్నుల సాకెట్టే ఉంది. పైగా కొత్త ఎస్‌ఎంపీఎస్ ఆ క్యాబినెట్‌లో పట్టనే లేదు. అడాప్టరు తీగ దొరుకుతుందని ఒకరు, మదర్‌బోర్డు మార్చేయమని ఇంకొకరు చెబుతున్నారు. చేతిలో ఉన్న డబ్బు పరిమితం. ఏది మార్చాలో, ఏది అలాగే ఉంచాలో అనుభవజ్ఞులు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మూడు లాంతర్లు (విజయనగరం) రాశారు:

డీటీపీ గారూ, ముందుగా ఆ 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌ను పెట్టె చెడకుండా వెనక్కి ఇచ్చేయండి. ఆప్టిప్లెక్స్ 3020 పేరుతో మినీ టవర్, ఎస్‌ఎఫ్‌ఎఫ్ (దానికన్నా చిన్న క్యాబినెట్), మైక్రో అని మూడు వేర్వేరు సైజులున్నాయి. మీ దగ్గర ఉన్నది ఏదో తెలియకుండా ఎవరు సలహా ఇచ్చినా అది చీకట్లో రాయి వేయడమే అవుతుంది. క్యాబినెట్ మీద ఏడు అక్షరాల సర్వీస్ ట్యాగ్ ఉంటుంది. దాన్ని డెల్ వారి సపోర్టు పేజీలో కొడితే మీ సిస్టం ఫ్యాక్టరీ నుంచి ఏ భాగాలతో బయటికి వచ్చిందో తెలుస్తుంది, దాని మాన్యువల్ కూడా అక్కడే దొరుకుతుంది. పాత ఎస్‌ఎంపీఎస్ మీద ఉన్న లేబుల్ కూడా ఫొటో తీసి పెట్టండి.

పొందూరు డీటీపీ రాశారు:

మాస్టారూ, ధన్యవాదాలు. రెండూ ఎస్‌ఎఫ్‌ఎఫ్ సైజువే. లేబుల్ మీద 255 వాట్లు అని ఉంది. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. పక్కిల్లు ఖాదీ వడికేవారిది. అందువల్లనే కాబోలు, ప్రాసెసరు మీది హీట్‌సింక్ రేకుల సందుల్లో దుమ్ముతో కలిసిన నూగు పలచని బూడిదరంగు చాపలాగా అల్లుకుపోయి ఉంది. పట్టకారుతో ఒక కొస పట్టుకుని లాగితే అరచేతి వెడల్పున ఒకే ముక్కగా ఊడి వచ్చింది.

మూడు లాంతర్లు (విజయనగరం) రాశారు:

మీ సిస్టం నెమ్మదించడానికి ఆ చాప కూడా ఒక కారణమే. ప్రాసెసరు వేడెక్కి హద్దు దాటగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఏ భాగమూ కొనకముందే బ్లోయరుతో శుభ్రం చేసి, హీట్‌సింక్ విప్పి, ఎండిపోయిన థర్మల్ పేస్టు (ప్రాసెసరు వేడిని హీట్‌సింక్‌కు చేర్చేది) తుడిచి కొత్తది వేయండి. బ్లోయరు వాడేటప్పుడు ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో ఆపి ఉంచండి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇరవై ఏళ్ళకు పైగా ఈ పనిలో ఉన్నవాడిగా, బ్రాండెడ్ సిస్టం నా బల్ల మీదికి వచ్చినప్పుడు దాని భాగాలను మనసులో రెండు కుప్పలుగా వేసుకుంటాను. ఏ కంపెనీ చేసినా ఒకే కొలతకు కట్టుబడి ఉండేవి ఒక కుప్ప: ర్యామ్, సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ తగిలే చోటే తగిలే వేగమైన డిస్కు), అదే సాకెట్టుకు చెందిన ప్రాసెసరు, తగిన ఎత్తు గల గ్రాఫిక్స్ కార్డు. ఆ కంపెనీ తన కోసమే చేసుకున్నవి రెండో కుప్ప: ఎస్‌ఎంపీఎస్, మదర్‌బోర్డు, ఫ్యాన్లు, హీట్‌సింక్ బిగింపు, ముందువైపు బటన్ తీగ, క్యాబినెట్. డబ్బు మొదటి కుప్ప మీదే పెట్టాలి. రెండో కుప్పలో ఏదైనా పాడైతే అదే పార్టు నంబరు గల భాగాన్ని వెతికి తెచ్చుకోవాలి తప్ప, దాన్ని మెరుగుపరచాలని చూడకూడదు.

మీ 3020లో హెచ్81 చిప్‌సెట్ ఉంది. ర్యామ్ స్లాట్లు రెండే, గరిష్ఠం 16 జీబీ. వీడియో చేసే సిస్టంలో 8 జీబీ డీడీఆర్3 1600 ముక్కలు రెండు వేయండి. అందులోంచి తీసిన 4 జీబీ ముక్కను రెండో సిస్టంలో ఖాళీ స్లాటుకు పెడితే దానికి 8 జీబీ అవుతుంది, డీటీపీకి అది చాలు. ఒక్క రూపాయి వృథా కాదు. రెండింటికీ సాటా ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి. పాత హార్డ్‌డిస్క్ తీసిన చోట, బోర్డు మీద సాటా-0 అని రాసి ఉన్న పోర్టుకే దాన్ని తగిలించండి. ఈ మోడల్లో డిస్కుకు కరెంటు ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా రాదు, మదర్‌బోర్డు నుంచే ఒక తీగ ద్వారా వస్తుంది. ఆ తీగ తెగితే బజారులో దొరికే మామూలు తీగ దానికి పనికిరాదు గనుక లాగేటప్పుడు తీగను కాక కనెక్టరు తలను పట్టుకోండి.

ఉద్దానం కొబ్బరితోట రాశారు:

ఎస్‌ఎంపీఎస్ విషయంలో నాకు జరిగినది చెబితే ఎవరికైనా ఉపయోగపడుతుందని రాస్తున్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస పక్కన తీరం దాటిన తర్వాత మా ఊళ్ళో కరెంటు స్తంభాలు నేలకొరిగి రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. లైను బాగుచేసి కరెంటు ఇచ్చిన తొలి రోజు వోల్టేజీ ఎగిరెగిరి పడి నా సిస్టం ఎస్‌ఎంపీఎస్ కాలిపోయింది. అది కూడా 8 పిన్నుల రకమే. బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ మామూలు ఎస్‌ఎంపీఎస్ తెచ్చి, రెండు వైపులా తీగలు కత్తిరించి, పసుపుకు పసుపు, నలుపుకు నలుపు అని రంగులు చూసి కలిపి టేపు చుట్టాడు. మిగిలిన తీగల రంగులు కలవకపోతే అంచనాతో కలిపాడు. స్విచ్చి వేయగానే బోర్డు మీద చిన్న మెరుపు, ఆ వెంటనే కాలిన ప్లాస్టిక్ వాసన. ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే పోయిన సిస్టంలో మదర్‌బోర్డు కూడా పోయింది. కంపెనీ సొంత కనెక్టరులో తీగ రంగును నమ్మకూడదని, ఏ పిన్నులో ఏ వోల్టేజీ ఉందో మల్టీమీటరు పెట్టి చూడనిదే తీగ కలపకూడదని ఆ రోజు తెలిసింది.

మూడు లాంతర్లు (విజయనగరం) రాశారు:

కొబ్బరితోట గారూ, మీ బాధ అర్థమవుతోంది. ఇది కొత్త రోగం కూడా కాదు. 1990ల చివరలో వచ్చిన కొన్ని డెల్ సిస్టంలలో కనెక్టరు చూడటానికి అచ్చం ఏటీఎక్స్ కనెక్టరులాగే ఉండేది గాని, లోపల పిన్నుల వరుస వేరు. మామూలు ఎస్‌ఎంపీఎస్ చక్కగా దిగేది, స్విచ్చి వేస్తే బోర్డో ఎస్‌ఎంపీఎస్సో కాలేది. దానితో పోలిస్తే ఇప్పటి 8 పిన్నుల సాకెట్టే నయం, మామూలు 24 పిన్నుల కనెక్టరును లోపలికి రానివ్వదు.

బొబ్బిలి వీణ రాశారు:

అసలు ఇదంతా ఎందుకు? 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ కొలతలు ఇచ్చింది. ప్రపంచమంతా వాటిని పాటిస్తుంటే ఈ పెద్ద కంపెనీలు మాత్రం తలో దారి పట్టడం, కొన్నవాడు చచ్చేదాకా తమ గుమ్మం దగ్గరే నిలబడాలనే ఉద్దేశంతో కాదా? మా ఆఫీసులో హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ 800 జీ1 ఉంది, దానికి 6 పిన్నులు. పక్క గదిలోని లెనోవో థింక్‌సెంటర్ ఎం92పీకి 14 పిన్నులు. డెల్‌కు 8. మూడు సిస్టంలు, మూడు రకాలు, ఒకదాని ఎస్‌ఎంపీఎస్ ఇంకొకదానికి పనికిరాదు. నాకైతే ఇది అన్యాయంగా కనిపిస్తోంది.

మూడు లాంతర్లు (విజయనగరం) రాశారు:

వీణ గారూ, మీ కోపంలో సగం న్యాయం ఉంది. మిగతా సగానికి ఒక సాంకేతిక కారణం ఉంది. మామూలు ఎస్‌ఎంపీఎస్ 12, 5, 3.3 వోల్టులు మూడింటినీ తయారు చేసి లావుపాటి తీగల కట్టతో బోర్డుకు పంపుతుంది. ఈ బ్రాండెడ్ రకాలు ప్రధానంగా 12 వోల్టులే పంపుతాయి. 5, 3.3 వోల్టులను మదర్‌బోర్డు తన మీదనే తయారు చేసుకుంటుంది, డిస్కుకు కరెంటు బోర్డు నుంచి రావడం కూడా అందుకే. దీనివల్ల తీగలు తగ్గుతాయి, సిస్టం ఖాళీగా ఉన్నప్పుడు వృథా అయ్యే కరెంటు తగ్గుతుంది. వందల సిస్టంలు రోజంతా నడిచే కార్యాలయానికి అది చిన్న లెక్క కాదు. ఇంటెల్ సంస్థే 2020లో ఏటీఎక్స్12వీవో అనే పేరుతో, 10 పిన్నులతో, కేవలం 12 వోల్టుల ప్రమాణం ప్రకటించింది. అంటే పెద్ద కంపెనీలు నడిచిన దారి తప్పని అనలేం. ఆ దారిలో అందరూ ఒకే కనెక్టరుకు ఒప్పుకోకపోవడం మాత్రం తప్పే, ఆ విషయంలో నేను మీ పక్షమే.

అడాప్టరు తీగల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. డెల్ 8 పిన్నుల అడాప్టరు ఆన్‌లైన్‌లో సులువుగా దొరుకుతుంది, మినీ టవర్ సైజు 3020, 9020 సిస్టంలలో దానితో మంచి ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ పెట్టుకుని ఏళ్ళ తరబడి వాడుతున్నవారు ఉన్నారు. కొన్ని హెచ్‌పీ మోడళ్ళలో మాత్రం స్టాండ్‌బై కరెంటు (సిస్టం ఆపి ఉన్నప్పుడూ వచ్చేది) కూడా 5 వోల్టులు కాక 12 వోల్టుల దగ్గరే ఉంటుంది. అందుకని ఆ అడాప్టరు మధ్యలో వోల్టేజీ పెంచే చిన్న సర్క్యూట్ ఉండాలి. మామూలు తీగ వేస్తే సిస్టం లేవదు. మీ మోడల్ నంబరు పేరు పెట్టి అమ్మే అడాప్టరు తప్ప మరొకటి కొనవద్దు. ఇక పొందూరు వారి ఎస్‌ఎఫ్‌ఎఫ్‌కు ఈ మార్గమే లేదు, ఆ క్యాబినెట్‌లో ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్‌కు చోటు లేదు.

ఎచ్చెర్ల విద్యార్థి రాశారు:

అన్నగారూ, బోర్డును తీసి మామూలు క్యాబినెట్‌లో బిగిస్తే చోటు సమస్య తీరుతుంది కదా? అలాగే సాటా కన్నా వేగమైన ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీని పీసీఐఈ స్లాటులో దిగే కార్డు మీద పెట్టి వాడవచ్చా?

మూడు లాంతర్లు (విజయనగరం) రాశారు:

తమ్ముడూ, ఆ పని నేను ఒకసారి చేసి చూశాను. రోజంతా పట్టింది. హీట్‌సింక్ స్క్రూలు బోర్డు వెనకాల ప్లేటుకు కాక క్యాబినెట్ రేకుకే దిగుతాయి, కాబట్టి కొత్త క్యాబినెట్‌లో హీట్‌సింక్‌కు పట్టు ఉండదు. వెనకవైపు పోర్టుల చుట్టూ ఉండే రేకు పాత క్యాబినెట్‌లోనే భాగం, అది వెంట రాదు. పవర్ బటన్ తీగ సాకెట్టు వేరు. ఫ్యాను కనెక్టరుకు మామూలుగా ఉండే 4 పిన్నులకు బదులు 5 ఉంటాయి. అన్నీ ఎలాగో కలిపి స్విచ్చి వేశాక, ముందు ప్యానెల్ తీగ లేదని, ఫ్యాను తిరగడం లేదని బయోస్ (సిస్టం లేచేటప్పుడు భాగాలను పరీక్షించే ప్రోగ్రాం) హెచ్చరిక ఇచ్చి, ప్రతిసారీ ఎఫ్1 నొక్కేదాకా ఆగిపోతుంది. దుకాణంలో రోజూ పొద్దున్నే ఎఫ్1 నొక్కుతూ కూర్చోవడం ఎవరికి కావాలి?

ఎన్‌వీఎంఈ డిస్కును ఆ కాలపు బయోస్ బూట్ డిస్కుగా గుర్తించదు. వేరే బూట్‌లోడరును పెన్‌డ్రైవ్‌లో పెట్టి తిప్పలు పడేవారు ఉన్నారు గాని, పని చేసుకునే సిస్టంకు నేను ఒప్పుకోను. హార్డ్‌డిస్క్ నుంచి సాటా ఎస్‌ఎస్‌డీకి మారినప్పుడు కనిపించే తేడా పగలూ రాత్రీ అంత. దాని మీద ఎన్‌వీఎంఈ వేసినందువల్ల ఫొటోషాప్‌లో కనిపించే తేడా చాలా తక్కువ.

ఆమదాలవలస రైలుగేటు రాశారు:

ర్యామ్ కొనేవారికి ఒక హెచ్చరిక. ఆన్‌లైన్‌లో 8 జీబీ డీడీఆర్3 ముక్క మిగతావాటిలో సగం ధరకే కనిపిస్తే వివరం చివరిదాకా చదవండి. ఏఎండీ బోర్డులకు మాత్రమే అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాని మీది చిప్పుల అమరిక వేరు, ఇంటెల్ బోర్డు దాన్ని గుర్తించదు. సర్వర్ల నుంచి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్ కూడా స్లాటులో చక్కగా దిగుతుంది గాని సిస్టం లేవదు. నేను రెండు తప్పులూ చేశాను. రెండోసారి వెనక్కి పంపే గడువు కూడా దాటిపోయింది.

పొందూరు డీటీపీ రాశారు:

సమయానికి చెప్పారు, నేను కార్టులో పెట్టుకున్నది సరిగ్గా ఆ ఏఎండీ రకమే. వెంటనే తీసేశాను. ఇక మా అబ్బాయి ప్రశ్న. వీడియో కోసం జీటీ 1030 కార్డు వేయమని స్నేహితులు చెబుతున్నారట. వేయవచ్చా?

ఎచ్చెర్ల విద్యార్థి రాశారు:

దీనికి నేను జవాబు చెప్పగలను, ఏడాదిగా ఇదే పని మీద ఉన్నాను. ఎస్‌ఎఫ్‌ఎఫ్‌కు సగం ఎత్తు గల కార్డు కావాలి, దానికి విడిగా కరెంటు తీగ అక్కరలేనిది కావాలి. జీటీ 1030 ఈ రెండింటికీ సరిపోతుంది, 30 వాట్లే తింటుంది. కాని అందులో వీడియో ఎన్‌కోడరు (వీడియోను కుదించి ఫైలుగా మార్చే భాగం) లేదు. వీడియో ఎగుమతి చేసేటప్పుడు అది సాయం చేయదు. ఆర్‌ఎక్స్ 6400కు కూడా అదే లోటు. సగం ఎత్తు జీటీఎక్స్ 1650లో ఎన్‌కోడరు ఉంది, 75 వాట్లతో స్లాటు కరెంటు మీదే నడుస్తుంది. లెక్క ప్రకారం 255 వాట్లలో అది ఇమిడినా, గాలి ఆడని చిన్న పెట్టెలో వేడి ఎక్కువవుతుంది. పైగా ఆ కార్డు రెండు స్లాట్ల మందం ఉంటుంది. కొన్ని ఎస్‌ఎఫ్‌ఎఫ్ మోడళ్ళలో పెద్ద స్లాటు ఎస్‌ఎంపీఎస్ గోడను ఆనుకుని ఉంటుంది కాబట్టి కొనేముందు స్కేలు పెట్టి కొలవాలి. మీ మానిటరు వీజీఏ తీగది అయితే ఈ కార్డులకు ఆ పోర్టు ఉండదు, మధ్యలో కన్వర్టరు కూడా కొనాలి.

నా సలహా ఏమంటే, మీ ఇంటెల్ ప్రాసెసరు లోపలి గ్రాఫిక్స్‌లోనే క్విక్ సింక్ అనే ఎన్‌కోడరు ఉంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎగుమతి సెట్టింగుల్లో హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ ఎంచుకుంటే అది పని చేస్తుంది. కార్డు డబ్బుతో సెకండ్ హ్యాండ్ ఐ5-4590 తెచ్చుకోండి. సాకెట్టు అదే ఎల్‌జీఏ 1150, రెండు కోర్ల స్థానంలో నాలుగు కోర్లు వస్తాయి. జియాన్ ఈ3-1231 వీ3 చవకగా కనిపిస్తుంది గాని దానికి లోపలి గ్రాఫిక్స్ లేదు, కార్డు లేకుండా తెర వెలగదు.

రాజాం సభ్యుడు రాశారు:

అందరూ మర్చిపోతున్న విషయం ఒకటుంది. విండోస్ 10 సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్ అయితే 8వ తరం ప్రాసెసరు, టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉండాలి. నాలుగో తరం సిస్టం మీద ఇంత ఖర్చు పెట్టడం కన్నా 8వ తరం ఆప్టిప్లెక్స్ 3060 రీఫర్బిష్డ్ కొనుక్కోవడం మేలు కాదా?

మూడు లాంతర్లు (విజయనగరం) రాశారు:

రాజాం వారి మాట సరైనదే. అందుకే ఏది కొన్నా రేపు ఇంకో సిస్టంకు తీసుకుపోగలమా అని చూసుకోవాలంటాను. సాటా ఎస్‌ఎస్‌డీ వెళుతుంది. డీడీఆర్3 ర్యామ్, ఐ5-4590 వెళ్ళవు, 8వ తరం ఆప్టిప్లెక్స్‌కు డీడీఆర్4 కావాలి. కాబట్టి డీటీపీ గారూ, ఎస్‌ఎస్‌డీ మంచి కంపెనీది తీసుకోండి, మిగతావి సెకండ్ హ్యాండ్‌లో సరిపెట్టండి. దరఖాస్తుదారుల ఆధార్, బ్యాంకు వివరాలు మీ దగ్గర తెరుచుకుంటాయి కాబట్టి ఆన్‌లైన్ పని ఒక సిస్టంకే పరిమితం చేసి, వీలైనంత త్వరగా దాన్ని మద్దతు ఉన్న సిస్టంతో మార్చండి. అప్పుడు మాత్రం ఎస్‌ఎఫ్‌ఎఫ్ కాక మినీ టవర్ అడగండి. కొనేముందు మూత తీయించి, ఎస్‌ఎంపీఎస్ సైజు, ర్యామ్ స్లాట్ల సంఖ్య, కార్డు పెట్టే చోటు మీ కళ్ళతో చూసుకోండి.

పొందూరు డీటీపీ రాశారు:

అందరికీ నమస్కారాలు. ఆదివారం దుకాణం మూసి నేనూ మా అబ్బాయీ కూర్చుని పని పూర్తి చేశాం. 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌ను దుకాణం వారు మంచి మనసుతో వెనక్కి తీసుకున్నారు. ఆ డబ్బుకు కొంత కలిపి రెండు ఎస్‌ఎస్‌డీలు, రెండు 8 జీబీ ర్యామ్ ముక్కలు, ఒక ఐ5-4590 కొన్నాం. పాత ప్రాసెసరు మీద పేస్టు ఎండి సున్నంలా పొడి రాలింది. నాలుగు స్క్రూలనూ ఒకేసారి కాక మూలకు ఎదురు మూలగా కొంచెం కొంచెం బిగించాం.

స్విచ్చి వేయగానే ఫ్యాను పని చేయడం లేదన్న హెచ్చరిక వచ్చి గుండె జారింది. మూత తీసి చూస్తే 5 పిన్నుల కనెక్టరు సగమే దిగి ఉంది. గట్టిగా నొక్కితే హెచ్చరిక పోయింది. నిన్న అబ్బాయి ఒక పెళ్ళి వీడియో క్విక్ సింక్‌తో ఎగుమతి చేశాడు. ఇదివరకు రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారి అయ్యేది, నిన్న భోజనం చేసి వచ్చేసరికి అయిపోయింది.

ఒక్క సందేహం మిగిలింది. నూగు మళ్ళీ పేరుకోకుండా ముందు జాలీకి లోపలివైపు పలచని ఖాదీ గుడ్డ కట్టవచ్చా?

మూడు లాంతర్లు (విజయనగరం) రాశారు:

గుడ్డ వద్దండి. ఎస్‌ఎఫ్‌ఎఫ్‌కు గాలి ఆ జాలీ నుంచే వెళ్ళాలి, గుడ్డ కడితే ప్రాసెసరు మళ్ళీ వేడెక్కుతుంది. సిస్టంను నేల మీది నుంచి తీసి బల్ల మీద, పక్కింటి గోడకు దూరంగా పెట్టండి. నెలకొకసారి మూత తీసి బ్లోయరు పట్టండి. ఐ5 వేసిన సిస్టం i3 కన్నా ఎక్కువ వేడి ఇస్తుంది కాబట్టి దానికి పదిహేను రోజులకొకసారి పట్టండి.